పరీక్ష రాని ఊరికి ఆపరేషన్ ఎట్లా వచ్చింది?

(సంగారెడ్డిలో గ్రామీణ మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి పిలిచినప్పుడు నాకిచ్చిన అంశం "కాన్సర్ పరీక్షలు: పల్లెకీ పట్నానికీ ఉన్న తేడా". వినగానే, ఇది తేలికైన ఉపన్యాసమే అనుకున్నాను. పట్నంలో పెద్ద పెద్ద ఆసుపత్రులున్నాయి, పల్లెలో లేవు. పట్నం ఆడవాళ్లు పరీక్షలు చేయించుకుంటున్నారు, పల్లె ఆడవాళ్లకు ఆ అవకాశం లేదు. కాబట్టి పల్లెలకు కూడా సౌకర్యాలు కల్పించాలని ప్రభుత్వాన్ని డిమాండ్ చేద్దాం. అరగంటలో చెప్పేసి బస్సెక్కెయ్యొచ్చు. తీరా లెక్కలు ముందు పెట్టుకుని కూర్చున్నాక ఆ ఉపన్యాసం చెయ్యడం నావల్ల కాలేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019-21లో జరిగింది. గర్భాశయ ముఖద్వార కాన్సర్ పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించుకున్నారా అని 30 నుంచి 49 ఏళ్ల మధ్య ఉన్న స్త్రీలను అడిగారు. దేశం మొత్తం మీద అవునన్నవాళ్లు నూటికి 1.9 మంది. పట్నాల్లో 2.2, పల్లెల్లో 1.7. రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్లయితే నూటికి ఒక్కరు కూడా లేరు. తమిళనాడు ఒక్కటి కాస్త ముందుకెళ్లి, ముఖద్వార పరీక్షలో 10 శాతం దగ్గరికి చేరింది. మన రెండు రాష్ట్రాలూ దేశ సగటు కంటే నయమే గానీ ఆ నయం కూడా 5 శాతం లోపే.

అంటే పల్లెకీ పట్నానికీ తేడా అర శాతం! ఇద్దరికీ ఏమీ అందకపోవడంలో వచ్చిన సమానత్వం ఇది.

ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. ఇదే సర్వే అంతకు ముందు విడతలో, 2015-16లో, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్లు ఎందరని మొదటిసారి విడిగా అడిగింది. దేశంలో నూటికి 3.2 మంది. తెలంగాణలో 7.7. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. ఈ ఆపరేషన్లు పట్నాల్లో కంటే పల్లె ఆడవాళ్లలోనే ఎక్కువ. మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవే.

ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసేదేమిటి? మన దగ్గర గర్భాశయ ముఖద్వారాన్ని పరీక్ష చేయించుకున్న స్త్రీల కంటే, గర్భసంచే తీయించేసుకున్న స్త్రీలు ఎక్కువ. దూరమే కారణమైతే, దవాఖానాలు లేకపోవడమే కారణమైతే, పైసా ఖర్చు లేని పరీక్ష రాలేని ఊరికి వేలు గుమ్మరించే ఆపరేషన్ ఎట్లా వచ్చింది? ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఈ ప్రశ్న గురించే.

ఉపన్యాసం మొదలుపెట్టే ముందు మిమ్మల్ని రెండుసార్లు చేతులెత్తమన్నాను. మీ ఇంట్లోనో, మీ వాడలోనో నలభై ఏళ్లలోపే గర్భసంచి తీయించుకున్న ఆడమనిషి తెలుసా అంటే హాలంతా చేతులు లేచాయి. మీలో ఎవరైనా ముఖద్వార పరీక్ష చేయించుకున్నారా అన్నప్పుడు ఎన్ని లేచాయో మీరే చూశారు. మనం కార్యకర్తలం. మన పరిస్థితే ఇది.

కొన్నేళ్ల కిందట ఇదే జిల్లాలో, జహీరాబాద్ వైపు ఒక ఊళ్లో, కూలి పనులు చేసే స్త్రీలతో మాట్లాడుతూ ఉన్నాను. ముప్ఫై నాలుగేళ్ల మనిషి, ఇద్దరు పిల్లలు. తన ఆపరేషన్ సంగతి ఇట్లా చెప్పింది: "తెల్లబట్ట అయితుండె అక్కా. నడుం గుంజేది. మా ఊరి ఆర్.ఎం.పి. చూసి, టౌనుల నాకు తెలిసిన డాక్టర్ ఉన్నడు, పోదాం పా అన్నడు. ఆటోల తీస్కపోయిండు. స్కానింగ్ తీసిన్రు. గర్భసంచికి పుండైంది, ఉంచుకుంటే కాన్సర్ అయితది, ఇద్దరు పిల్లలైన్రు గదా, ఇంకేం జేస్తవ్ దాంతోని అన్నడు డాక్టర్."

డాక్టరు లోపల చూశాడా అని అడిగాను. "ఏడ చూసిండు? పొట్టమీద ఏదో రాసి టీవీల చూసిండు" అంది.

పొట్టమీద పెట్టి తీసే ఆ స్కానింగులో ముఖద్వారం మీద మొదలయ్యే మార్పు కనిపించదు. తెల్లబట్ట అవుతున్న ఆడవాళ్లలో చాలామందికి ఉండేది మందులతో తగ్గే ఇన్‌ఫెక్షన్. కలయిక తర్వాత రక్తం కనపడటం, ముట్లాగిపోయిన తర్వాత మళ్లీ రక్తం కనపడటం, నెల మధ్యలో కనపడటం – భయపడి వెంటనే చూపించుకోవలసినవి ఇవి. ఆమెకు అవేవీ లేవు. ఆమె తెచ్చిన పైసలు సంఘంలో తీసుకున్న అప్పు. అది తీరడానికి మూడేళ్లు పట్టిందట. ఆపరేషన్ అయిన ఏడాదికే ఒళ్లు మంటలు, కీళ్ల నొప్పులు. అండాశయాలు కూడా తీసేశారో లేదో ఆమెకు తెలియదు, చెప్పినవాళ్లు లేరు. "అయినా మంచిదే గదా అక్కా, కాన్సర్ రాకుంట అయింది" అంది చివరికి.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆమెకు కాన్సర్ అంటే ఏమిటో తెలియదని మనం అంటాం, అవగాహన సదస్సు పెడతాం. నిజానికి ఆమెకు కాన్సర్ అంటే బాగా తెలుసు. భయపడింది. ఆ భయాన్ని పట్టుకుని ఎక్కడికి పోవాలో తెలియలేదు. దారి తెలిసినవాడు ఆర్.ఎం.పి. ఒక్కడే కనిపించాడు. అతనికి ఆటో తెలుసు, స్కానింగ్ సెంటరు తెలుసు, నర్సింగ్‌హోము తెలుసు, ఒక్కొక్క చోట తనకెంత వస్తుందో కూడా తెలుసు. ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఇంత చక్కగా పల్లెనుంచి ఆపరేషన్ బల్ల దాకా ఒక్క మనిషినీ చెయ్యి పట్టుకుని నడిపించిన దాఖలా నేను చూడలేదు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల విషయంలో తప్ప.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఈ ఆపరేషన్లు ఎట్లా పెరిగాయో, ఉమ్మడి మెదక్ జిల్లా నుంచి ఎన్ని నివేదికలు వచ్చాయో మీకు గుర్తుండే ఉంటుంది. గొడవ పెద్దదయ్యాక, 2011 ప్రాంతంలో, ఆ పథకం కింద చేసే గర్భసంచి ఆపరేషన్లను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేశారు. సొంత డబ్బుతో చేయించుకునేవాళ్లను అది ఆపలేదు. 2023 ఏప్రిల్లో సుప్రీంకోర్టు, రాజస్థాన్‌కు చెందిన ప్రజారోగ్య కార్యకర్త డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో, అనవసర గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చెయ్యమని రాష్ట్రాలకు మూడు నెలలు గడువిచ్చింది. మీ జిల్లాలో ఆ మార్గదర్శకాల ప్రకారం ఏ కమిటీ ఉందో అడిగి చూడండి.

ఇక ఆ పరీక్ష అంటే ఏమిటో చెప్పాలి. మనలో చాలామందికి ఇప్పటికీ అది ఏదో పెద్ద యంత్రంతో చేసేదనే అనుమానం ఉంది. ఈ కాన్సరుకు కారణం హెచ్.పి.వి. అనే వైరస్. సంసారం చేసే ఆడవాళ్లలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు అది సోకుతుంది, ఎక్కువమందిలో దానంతటదే పోతుంది. కొందరిలో పోకుండా ఉండిపోయి ముఖద్వారం మీద కణాలను మారుస్తుంది. ఆ మార్పు కాన్సరు కావడానికి మామూలుగా 15, 20 ఏళ్లు పడుతుంది. (హెచ్.ఐ.వి. ఉన్న స్త్రీలలో ఇంకా తొందరగా వస్తుంది, వాళ్లకు ప్రమాదం ఆరింతలు. ఎ.ఆర్.టి. కేంద్రాలకు ప్రతినెలా మందులకోసం వచ్చే స్త్రీలకైనా అక్కడే ఈ పరీక్ష చెయ్యొచ్చు కదా అని నేను అడుగుతూనే ఉంటాను.) ఆలోచించండి, పదిహేనేళ్ల గడువిచ్చే జబ్బు ఎన్ని ఉన్నాయి మనకు? ఆ పదిహేనేళ్లలో ఒకటి రెండుసార్లు చూస్తే చాలు, మార్పు కనిపించిన చోట కాల్చేస్తే చాలు, గర్భసంచి జోలికే వెళ్లక్కర్లేదు. అయినా ఒక్క 2022లోనే మన దేశంలో సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ కాన్సర్ వచ్చిందనీ, దాదాపు 80,000 మంది చనిపోయారనీ అంతర్జాతీయ కాన్సర్ పరిశోధనా సంస్థ అంచనా.

చూడటానికి మూడు పద్ధతులున్నాయి. ముఖద్వారం మీంచి కణాలు తీసి మైక్రోస్కోపు కింద చూసే పాప్ స్మియర్ పాతది. దానికి లాబొరేటరీ కావాలి, చూసి చెప్పగలిగిన మనిషి కావాలి. వైరస్ ఉందో లేదో చెప్పే హెచ్.పి.వి. పరీక్ష కొత్తది, అన్నిటికంటే నమ్మదగినది. 2021 నుంచీ ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్నే మొదటి పరీక్షగా వాడమంటోంది. దీనికి నమూనా స్త్రీ తనంతట తానే తీసుకోవచ్చు, బల్లెక్కి పడుకోనక్కర్లేదు. మూడోది వి.ఐ.ఏ. స్పెక్యులం పెట్టి, బాగా వెలుతురున్న లైటు వేసి, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్ని పలచగా కలిపి దూదితో ముఖద్వారానికి అద్ది, ఒక్క నిమిషం ఆగి చూస్తారు. మార్పు ఉన్నచోట తెల్లగా తేలుతుంది. అంతే. వి.ఐ.ఏ. చెయ్యడానికి డాక్టరే అక్కర్లేదు.

ఇది నేను ఊరికే అంటున్న మాట కాదు. తమిళనాడులో దిండిగల్ జిల్లాలో 2000 నుంచి నర్సులే ఈ పరీక్ష చేశారు. మార్పు కనిపించినవాళ్లకు అక్కడే చల్లబరిచే చికిత్స కూడా చాలావరకు వాళ్లే చేశారు. ముఖద్వార కాన్సర్ మరణాలు మూడో వంతుకు పైగా తగ్గాయి. ముంబై మురికివాడల్లో పదో తరగతి చదివిన ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చి చేయించారు. పన్నెండేళ్లకు 31 శాతం మరణాలు తగ్గాయి. మహారాష్ట్ర ఉస్మానాబాద్ జిల్లాలో – నిజాం కాలంలో మనతో పాటే ఉన్న జిల్లా, ఇప్పుడు ధారాశివ్ అంటున్నారు – 1999లో మొదలుపెట్టి 52 గ్రామ సమూహాల్లో 1,31,746 మంది స్త్రీలను నాలుగు గుంపులు చేశారు. ఒక్కొక్క పద్ధతీ ఒక్కొక్క గుంపుకి. ఒకే ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష జరిగిన గుంపులో ఎనిమిదేళ్లలో ఈ కాన్సరుతో చనిపోయినవాళ్లు 34 మంది. ఏ పరీక్షా చెయ్యని గుంపులో 64 మంది.

ఇక్కడ ఆగాలి. ఏ పరీక్షా చెయ్యని గుంపు! ఆ 64 మంది ఎవరు? పాప్ స్మియర్ పనిచేస్తుందని ప్రపంచానికి తెలిసి యాభై ఏళ్లు దాటాక, పోలిక కోసం అట్టే పెట్టిన పల్లెటూరి ఆడవాళ్లు. ఆ ప్రాంతంలో ఎట్లాగూ పరీక్షలు లేవు కాబట్టి వాళ్లకు కొత్తగా జరిగిన నష్టమేమీ లేదన్నారు పరిశోధకులు. లేకపోవడమే పరిశోధనకు సమర్థన అయింది. ఈ అధ్యయనాల ఫలితాలను నేను వాడుకుంటాను, ఇవాళ కూడా వాడుకున్నాను. కానీ ఆ అంకె చదివినప్పుడల్లా నాకు మింగుడు పడదు. అంతకు ముందు 1976 నుంచి 1988 దాకా ఢిల్లీలో, భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనంలో, ముఖద్వారంలో మార్పులున్నాయని తెలిసిన వెయ్యిమందికి పైగా స్త్రీలకు చికిత్స చెయ్యకుండా, ఏమవుతుందో చూస్తూ కూర్చున్నారు. కొందరిలో అది కాన్సరు దాకా పోయింది. ఈ సంగతి 1997లో గానీ బయటికి రాలేదు.

కాబట్టి మన స్త్రీల ఉద్యమానికి ఆరోగ్య కార్యక్రమాల పట్ల అనుమానం ఉండటంలో ఆశ్చర్యం లేదు. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న పటాన్‌చెరులో 1985లో నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగం జరిగింది. ప్రయోగమని చెప్పకుండానే ఆడవాళ్లకు సూది వెయ్యబోతుంటే స్త్రీశక్తి సంఘటన మిత్రులు వెళ్లి నిలదీశారు. ఆ మరుసటి ఏడు మిగతా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. అప్పటికి నేను బడి ఈడు పిల్లని. పెద్దవాళ్ల దగ్గర విని, వాళ్ల కాగితాలు చదివి నేర్చుకున్నాను. మళ్లీ 2009లో, నేను పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు, ఖమ్మం జిల్లా. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి హెచ్.పి.వి. టీకా వేశారు. వేయించింది పాత్ అనే అమెరికా సంస్థ, వెనక వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం. ఎంతోమంది ఆదివాసీ హాస్టళ్ల పిల్లలు. పిల్లలు కొందరు చనిపోయాక, సంఘాలు గొడవ చేశాక, 2010 ఏప్రిల్లో ఆపారు. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణ సంఘం తేల్చలేదు. అనుమతుల విషయం వేరు. రాష్ట్రంలో చూసిన 9,543 అనుమతి పత్రాల్లో 2,763 వాటి మీద సంతకం హాస్టల్ వార్డెన్లదని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక చెప్పింది. తల్లిదండ్రుల బదులు వార్డెన్!

ఆ పోరాటం సరైనదే. దాని గురించి నాకు రవ్వంత పశ్చాత్తాపం కూడా లేదు. అయితే ఒక మాట మన మధ్య మనం ఒప్పుకోవాలి. అప్పుడు మన కరపత్రాల్లో, "టీకా కంటే ముందు తల్లులకు పరీక్షలు పెట్టండి" అని రాశాం. 2010లో టీకా ఆగింది. ఆ పిల్లల తల్లులకు పరీక్ష పెట్టించడం కోసం మనం ఎన్ని ధర్నాలు చేశాం? నాకు ఒక్కటి కూడా గుర్తు లేదు. ఆ తల్లులు ఇప్పుడు నలభై, యాభై ఏళ్లవాళ్లు, సరిగ్గా ఈ కాన్సర్ వచ్చే వయసు. మన మీదికి వచ్చినదాన్ని వద్దనడం మనకు బాగా చేతనయింది. రానిదాన్ని రప్పించుకోవడం చేతకాలేదు. టీకా మంచిదే, ఇప్పుడు దాని గురించి ఋజువులు మరింత గట్టిగా ఉన్నాయి, ఒక్క డోసు చాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంది. కానీ ఈ ఏడాది పద్నాలుగేళ్ల పిల్లకు వేసిన టీకా వాళ్లమ్మను కాపాడదు.

మరి ప్రభుత్వం ఏమీ చెయ్యడం లేదా అంటే, కాగితం మీద చాలా చేస్తోంది. 30 ఏళ్లు దాటిన ప్రతి స్త్రీకి ఐదేళ్లకొకసారి వి.ఐ.ఏ., రొమ్ము పరీక్ష, అందరికీ నోటి పరీక్ష చెయ్యాలని 2016లోనే కేంద్రం పద్ధతి రాసింది. తెలంగాణలో 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ మొదలుపెట్టారు, మంగళవారం ఆడవాళ్లకోసం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరులో ఇంటింటికీ వెళ్లి కాన్సర్ స్క్రీనింగ్ చేస్తామన్నారు. ఇవి మంచి నిర్ణయాలే. వీటిని వెటకారం చెయ్యడం నా ఉద్దేశం కాదు.

ఊళ్లో జరిగేది చెప్తాను. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఫారం నింపుతుంది. వయసెంత, పొగాకు నములుతారా, రొమ్ములో గడ్డ ఉందా, మధ్యలో రక్తం కనపడుతుందా అని అడుగుతుంది. మగవాళ్లు అరుగు మీద కూర్చుని ఉండగా, అత్త వింటూ ఉండగా, రక్తం సంగతి ఎవరు చెప్తారు? లేదంటారు. ఆశా టిక్కు పెడుతుంది. నేను చూసిన ఒక చోట ఆ టిక్కే స్క్రీనింగ్ అయిపోయినట్టు లెక్కలోకి ఎక్కింది. ఆశాను తప్పు పట్టకండి. ఆమెకు ఫారానికి ఇంత అని ఇస్తారు, లక్ష్యం పెడతారు, ఫోనులో యాప్ తెరుచుకోదు. "ఫారం నింపినంక ఆమెను యాడికి పంపాలె మేడం? ఆ పరీక్ష చేసే సిస్టర్ మా దగ్గర లేదు" అని అడిగింది నన్ను. ఇంకో కేంద్రంలో శిక్షణ పొందిన నర్సు ఉంది. గది ఒక్కటే, తలుపు గడియ విరిగింది, అదే గదిలో బి.పి. చూస్తారు. ఆమె తన చీర కొంగును అడ్డంకట్టి పరీక్ష చేశానని చెప్పింది. ఒకసారి ఆ అవస్థ చూశాక రెండో ఆడమనిషి రాలేదట. ఇంకోచోట అన్నీ ఉన్నాయి. తెల్లగా తేలిన ఇద్దరిని జిల్లా ఆసుపత్రికి పంపారు, వాళ్లు అక్కడికి వెళ్లారో లేదో అడిగినవాళ్లు లేరు.

ఇప్పుడు పట్నం సంగతి. పట్నం అంటే మనం ఎవరిని ఊహించుకుంటున్నాం? హైదరాబాదులో మా ఇంట్లో పనిచేసే ఆమె బస్తీకి ఎదురుగానే ఒక పెద్ద ఆసుపత్రి, గోడమీద గులాబీ రంగు బోర్డు, మహిళా దినోత్సవానికి కాన్సర్ ప్యాకేజీలో సగం ధర అని. ఆమెకు ఆ బోర్డు ఎంత దూరమో, జహీరాబాద్ దగ్గరి ఊరికీ అంతే దూరం. బోర్డు నాకోసం పెట్టింది.

నేను వెళ్లాను కూడా. నలభై రెండేళ్ల వయసులో, సామాజిక శాస్త్రంలో డాక్టరేటు చేసి, స్త్రీల ఆరోగ్యం మీద పాతికసార్లు ఉపన్యాసాలిచ్చి, మొదటిసారి పాప్ స్మియర్ చేయించుకున్నది అప్పుడే. సిగ్గుగానే చెప్తున్నాను. వారానికి ఫోనుకు రిపోర్టు వచ్చింది. అందులో అసాధారణ కణాలు కనిపించాయన్న అర్థం వచ్చే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. రాత్రంతా నిద్ర లేదు. మర్నాడు ఆసుపత్రికి వెళ్తే డాక్టరమ్మ రిపోర్టు చూసి, కళ్లెత్తకుండానే, "పిల్లలున్నారు కదా, ఇంకా దానితో ఏం పని? తీయించేసుకోండి, నిశ్చింతగా ఉంటుంది" అంది.

వాక్యం గుర్తుపట్టారా? చల్లటి గదిలో, ఇంగ్లీషు కలిపిన తెలుగులో, అదే వాక్యం.

నాకు చిన్నప్పటి స్నేహితురాలు గైనకాలజిస్టు. ఫోను చేశాను. ముందు తిట్టింది, తర్వాత హెచ్.పి.వి. పరీక్ష చేయించింది, కాల్పోస్కోపు పెట్టి చూసింది, ఏమీ లేదు, మూడేళ్ల తర్వాత మళ్లీ రా అంది. నా గర్భసంచి నా దగ్గరే ఉంది. ఆ ఊరామెకూ నాకూ మధ్య ఉన్న అసలు తేడా అదే. నాకు రెండో మాట చెప్పేవాళ్లున్నారు. ఆమెకు మొదటి మాటే ఆఖరి మాట. అందుబాటు అనే మాటకు నేను చెప్పుకునే అర్థం ఇప్పుడు ఇది: పరీక్ష చేసే మనిషి ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందన్నది ఒక్కటే కాదు, పరీక్ష అయ్యాక నిజం చెప్పే, ఆపరేషన్ చేస్తే లాభం రాని మనిషి దగ్గర్లో ఉందా లేదా అన్నది.

దూరం అసలు లెక్కలోకి రాదని కాదు. ఆలస్యంగా తెలిసినప్పుడు దూరమే చంపుతుంది. ముదిరిన ముఖద్వార కాన్సరుకు రేడియేషన్ దాదాపు ఐదారు వారాలు, వారానికి ఐదు రోజులు ఇవ్వాలి. ఆ యంత్రాలున్నది హైదరాబాదు ఎం.ఎన్.జె. లాంటి చోట్ల, విశాఖపట్నం, తిరుపతి లాంటి పట్నాల్లో. చికిత్స ఖర్చు ఆరోగ్యశ్రీ భరిస్తుంది. నెలన్నర రోజులు పట్నంలో ఎక్కడ పడుకోవాలి, తోడు ఎవరుండాలి, ఇంటి దగ్గర బర్రెకు గడ్డి ఎవరు వెయ్యాలి, ఇవి ఏ పథకంలోనూ లేవు. మగవాడికి కాన్సర్ వస్తే భార్య తోడు వెళ్తుంది. ఆడదానికి వస్తే, నేను చూసిన వార్డుల్లో, తోడున్నది ఎక్కువగా తల్లి, లేకపోతే చెల్లెలు. మూడో వారంలో ఇంటికి వెళ్లి తిరిగి రాని స్త్రీల గురించి నర్సులు చెప్తారు.

అందుకని మనం అడగవలసినవి చాలా మామూలు విషయాలు. మా కేంద్రంలో వి.ఐ.ఏ. చేసే సిస్టర్ పేరేమిటి, ఏ రోజు చేస్తుంది? గదికి గడియ ఉందా? తెల్లగా తేలితే ఆ రోజే కాల్చే పరికరం ఉందా, లేకపోతే ఎక్కడికి పంపుతారు, పంపినవాళ్ల పేర్లు రాసే పుస్తకం ఎక్కడ? కిందటేడు పరీక్ష చేసినవాళ్లెందరు, టిక్కు పెట్టినవాళ్లెందరు? నోటితో చెప్పకపోతే సమాచార హక్కు కింద అడుగుదాం. ఫలితం తెలుగులో రాసి చేతికి ఇవ్వాలని అడుగుదాం. గర్భసంచి తియ్యాలన్న ప్రతి డాక్టరునూ, ఎందుకో కాగితం మీద రాసివ్వమని అడగడం మన సంఘాల్లో అలవాటు చేద్దాం. మన సంఘాలు అప్పు ఇస్తున్నాయి కదా ఈ ఆపరేషన్లకు? అప్పు ఇచ్చే ముందు ఆ కాగితం చూపించమనవచ్చు. ఇది కొంచెం కటువుగా ఉంటుందని నాకు తెలుసు. నొప్పితో ఉన్న మనిషిని కాగితం అడగడమేమిటని మీలో ఒకరు ఇందాక టీ దగ్గర అన్నారు కూడా. దీని మీద మనం వాదించుకుందాం, నా దగ్గర తేలిన జవాబు లేదు.

ఆ జహీరాబాద్ వైపు ఊరికి పోయిన సంవత్సరం మళ్లీ వెళ్లాను. ఆమెకు ఇప్పుడు నలభై దాటింది. పరీక్ష గురించి నేను చెప్పిందంతా విని, "మరి నాకు తీసేసిన్రు గదా అక్కా, నేను చేయించుకోవాల్నా వద్దా?" అని అడిగింది. చాలా సరైన ప్రశ్న. గర్భసంచితో పాటు ముఖద్వారం కూడా తీసేసి, అందులో కాన్సరు మార్పులేవీ లేకపోతే, అక్కర్లేదు. ముఖద్వారం వదిలేసి పైభాగం మాత్రమే తీసి ఉంటే, తప్పకుండా చేయించుకోవాలి. ఏది జరిగిందో చెప్పాల్సింది డిశ్చార్జి కాగితం. ఆమె దగ్గర ఉన్నది డబ్బు కట్టిన రసీదు ఒక్కటే, పసుపు రాసిన గుడ్డలో మడిచి పెట్టుకుంది. ఇద్దరం కలిసి ఆ నర్సింగ్‌హోముకు వెళ్లాం. కింద మొబైల్ ఫోన్ల దుకాణం ఉంది. పైన తాళం వేసి ఉంది. పాత రికార్డులు ఎవరి దగ్గరున్నాయని దుకాణంలో అడిగితే, డాక్టరుగారు ఎప్పుడో వెళ్లిపోయారన్నాడు ఆ అబ్బాయి. వచ్చే మంగళవారం ఆమెను దవాఖానకు తీసుకెళ్దామని నిర్ణయించుకున్నాం, లోపల చూస్తే తెలుస్తుంది కదా అని. ఆ రోజు సిస్టర్ సెలవులో ఉంది.